కొంగు తప్పా? బెల్టు తప్పా?

గిర్ని దగ్గర ఏం జరిగింది?

వర్ని మండలంలో ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊరి మహిళా సంఘం వాళ్ళు కలిసి పిండి గిర్ని పెట్టుకున్నారు. ఊరి ఆడవాళ్ళంతా అక్కడికే వస్తారు. జొన్నలు, మక్కలు, గోధుమలు పట్టించుకుంటారు. సంఘంలోని ఒక అక్క గిర్ని నడుపుతుంది.

అది పండుగ ముందటి రోజు. గిర్ని దగ్గర చాలామంది ఉన్నారు. డబ్బాలు, గంపలు వరుసగా పెట్టారు. చిన్నపిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారు.

రెండు రోజుల కింద గిర్ని బెల్టు తెగింది. కొత్త బెల్టు వేశారు. బెల్టు వేయడానికి దాని మీద ఉన్న జాలి గార్డును తీశారు. తీసి గోడకు ఆనించారు. గార్డుకు తుప్పు పట్టింది. ఒక కాలు విరిగింది. "పండుగ పోయినంక పెడదాం" అనుకున్నారు.

ఒక కోడలు జొన్నల గంపతో వచ్చింది. గంప దించడానికి వంగింది. కొంగు భుజం మీది నుంచి జారింది. గాలికి బెల్టు వైపు ఎగిరింది. బెల్టు కొంగును అందుకుంది. ఒక్క గుంజు గుంజింది.

గిర్ని అక్క గబగబ ఉరికి స్విచ్చి బందు చేసింది. కాని బెల్టు వెంటనే ఆగలేదు. తిరిగే రాయి బరువు ఎక్కువ. కరెంటు పోయినా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చీర చిరిగిపోయింది. భుజం మీది పిన్ను ఊడింది. మోచేయి గోడకు కొట్టుకుని తోలు లేచింది. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది.

అందరూ చుట్టూ చేరారు.

"కొంగు నడుముకు చెక్కుకోవాలె గదా!" అని ఒకరు అన్నారు.

"జర సూసుకోని వంగొద్దా?" అని ఇంకొకరు అన్నారు.

ఆ కోడలు తల వంచుకుంది. చేతి నొప్పి కంటె ఆ మాటలే ఎక్కువ నొప్పించాయి.

సంఘం కూచుంది

ఆ సాయంత్రం సంఘం వాళ్ళంతా కూచున్నారు. ఇకమీద కొంగు దోపుకోని వాళ్ళను గిర్నిలోకి రానీయవద్దని ఒకామె అన్నది. కొందరు సరే అన్నారు.

ఒక పెద్దమ్మ మూల కూచుని వింటున్నది. ఆమె లేచి అడిగింది:

"కొంగు దోపుకుంటె సరే. మరి జడ పడితే? మొగోళ్ళ తువ్వాల పడితే? పోరని చెయ్యి పడితే? అప్పుడు ఎవలను అంటరు?"

ఎవరూ మాట్లాడలేదు.

పెద్దమ్మ మళ్ళీ అన్నది: "నేను నా మనుమని మోటరు సైకిలు మీద వర్నికి పోతుంట. ఎనుక చక్రం పక్కన ఒక జాలి ఉంటది. గది ఎందుకు పెట్టిండ్రు?"

"చీర చక్రంల పడకుండ పెట్టిండ్రు పెద్దమ్మా. దాన్ని శారీ గార్డు అంటరు" అని గిర్ని అక్క చెప్పింది.

"మరి బండికి గార్డు కావాలె గాని, మన గిర్నికి వద్దా?"

పెద్దమ్మ అడిగిన మాట సరైన మాట. దాన్ని మనం కొంచెం ఆలోచిద్దాం.

మోటారు వాహనాల గురించి కేంద్ర ప్రభుత్వం 1989లో నిబంధనలు చేసింది. మోటారు సైకిలు వెనుక కూర్చునే మనిషి బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని వాటిలో రాశారు. ఆ అడ్డు వెనుక చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పాలి. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆసరా కూడా ఉండాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ నిబంధన "చీర కట్టుకున్న ఆడవాళ్ళు బండి ఎక్కవద్దు" అని చెప్పలేదు. బండి తయారు చేసేవాళ్ళకు "గార్డు పెట్టండి" అని చెప్పింది. చీర కట్టుకోవడం తప్పు కాదు. చక్రాన్ని కప్పకుండా వదలడం తప్పు.

గిర్ని సంగతి కూడా అంతే.

కొంగు దోపుకోవడం మంచిదే. జడ ముడి వేసుకోవడం మంచిదే. కాని మనిషి అలసిపోతుంది. పరధ్యానంలో పడుతుంది. పిల్లవాడు ఏడిస్తే అటు చూస్తుంది. గార్డు అలసిపోదు. పగలూ రాత్రీ అది అక్కడే ఉంటుంది. అందుకే ముందు గార్డు, తరువాత జాగ్రత్త.

ఒక్క సెకనులో రెండు చీరలు

బెల్టు ఎంత వేగంగా పోతుంది? ఒక లెక్క చేద్దాం.

మోటరుకు ఒక చిన్న పుల్లి ఉంటుంది. దాని అడ్డం కొలత 6 అంగుళాలు అనుకుందాం. పుల్లి ఒక చుట్టు తిరిగితే బెల్టు ఎంత దూరం పోతుంది? అడ్డం కొలతను 3.14తో గుణించాలి. 6 × 3.14 = 18.84. అంటే సుమారు 19 అంగుళాలు.

చాలా గిర్ని మోటర్ల మీద 1440 అని రాసి ఉంటుంది. అంటే ఆ మోటరు ఒక నిమిషంలో 1440 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 60 సెకన్లు. 1440ని 60తో భాగిస్తే 24. అంటే ఒక్క సెకనులో 24 చుట్లు.

19 × 24 = 456 అంగుళాలు. 12 అంగుళాలు ఒక అడుగు. 456ని 12తో భాగిస్తే 38 అడుగులు.

మనం కట్టుకునే ఆరు గజాల చీర పొడవు 18 అడుగులు. రెండు చీరలు 36 అడుగులు.

అంటే "అమ్మో" అనేలోపే బెల్టు రెండు చీరల పొడవు లాగేస్తుంది. కొంగు పడ్డాక వెనక్కి గుంజుకునే సమయం ఎవరికీ ఉండదు. ఎంత బలం ఉన్నవాళ్ళకైనా ఉండదు. జడ పడితే నెత్తి తోలు కూడా ఊడి వస్తుంది.

అన్నిటికంటె ప్రమాదం ఎక్కడ? బెల్టు పుల్లిని కలిసే చోట. అక్కడ బెల్టు లోపలికి పోతుంది. ఏది తగిలినా తనతో లోపలికి తీసుకుపోతుంది. చెరకు గానుగలో రెండు రోళ్ళు కలిసే చోటు కూడా ఇలాంటిదే. బోధన్ వైపు చెరకు పండించిన వాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. గానుగకు చెరకు గడకూ, మనిషి చేతికీ తేడా తెలియదు.

పాత గార్డా? కొత్త గార్డా?

మరునాడు గిర్ని అక్క, ఆ కోడలు కలిసి పాత గార్డును బయటికి తెచ్చారు. ఎండలో పెట్టి చూశారు.

పాత గార్డును బాగు చేయవచ్చా? ఇలా చూడాలి.

తుప్పును గీకి చూడాలి. పైపైన ఉన్న తుప్పు అయితే గీకి రంగు వేస్తే చాలు. గీకితే ఇనుము పొరలు పొరలుగా ఊడితే అది పనికి రాదు.

కాళ్ళను చూడాలి. గార్డు ఎక్కువగా కాళ్ళ దగ్గరే విరుగుతుంది. నేల కడిగిన నీళ్ళు అక్కడే నిలుస్తాయి.

జాలిని చూడాలి. జాలిలో రంధ్రం పడితే ఆ రంధ్రంలోంచి చెయ్యి పోతుంది.

ఆ గార్డుకు మూడు కాళ్ళు తుప్పు తిన్నాయి. ఒకటి విరిగింది. జాలి చినిగింది. పైగా అది బెల్టుకు ఒక పక్కనే ఉండేది. రెండవ పక్క తెరిచే ఉండేది. అందుకని కొత్తది చేయించాలని నిర్ణయించారు.

కొలతలు తీయడం

ముందు గిర్ని బందు చేశారు. స్విచ్చి ఒక్కటే ఆర్పితే చాలదు. ఎవరైనా తెలియక మళ్ళీ వేయవచ్చు. అందుకని ఫ్యూజు తీసి గిర్ని అక్క తన దగ్గర పెట్టుకుంది. రాయి పూర్తిగా ఆగేదాకా ఆగారు. అప్పుడు టేపు పట్టారు.

ఆ కోడలు కొలిచింది. అక్క నోటు బుక్కులో రాసింది.

చిన్న పుల్లి అడ్డం: 6 అంగుళాలు.
పెద్ద పుల్లి అడ్డం: 12 అంగుళాలు.
రెండు పుల్లీల నడిమి నుంచి నడిమికి దూరం: 40 అంగుళాలు.
పుల్లి వెడల్పు: 5 అంగుళాలు.

రెండు పుల్లీల ఇరుసులు ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఇప్పుడు గార్డు పొడవు ఎంత ఉండాలి?

నడిమి నుంచి నడిమికి 40. చిన్న పుల్లిలో సగం 3. పెద్ద పుల్లిలో సగం 6. మొత్తం 49. గార్డు పుల్లికి తగలకూడదు. అందుకని రెండు కొసలకూ రెండేసి అంగుళాలు వదలాలి. 49కి 4 కలిపితే 53.

ఇంతటితో లెక్క అయిపోలేదు. బెల్టు కొన్నాళ్ళకు సాగుతుంది. వదులవుతుంది. అప్పుడు మోటరును కొంచెం వెనక్కి జరిపి బిగిస్తారు. మోటరు జరిగితే పుల్లి కూడా జరుగుతుంది. గార్డులో ఆ జాగా లేకపోతే పుల్లి గార్డుకు రాసుకుంటుంది. అప్పుడు ఏం చేస్తారు? గార్డును తీసి పక్కన పెడతారు. చాలా చోట్ల గార్డులు మూలకు పడడానికి కారణం ఇదే. అందుకని మోటరు వైపు ఇంకో 3 అంగుళాలు వదలాలి. 53 + 3 = 56 అంగుళాలు.

ఎత్తు: పెద్ద పుల్లి 12, పైన 2, కింద 2. మొత్తం 16 అంగుళాలు.

వెడల్పు: పుల్లి 5, ఆ పక్క 2, ఈ పక్క 2. మొత్తం 9 అంగుళాలు.

కొలత రెండుసార్లు తీశారు. ఒకసారి కోడలు, ఒకసారి అక్క. రెండూ కలిశాయి. తరువాత ఒక పాత అట్టపెట్టెను విప్పి, గార్డు పక్క భాగం ఎంత ఉంటుందో అంత కత్తిరించారు. పుల్లీల పక్కన నిలబెట్టి చూశారు. సరిపోయింది.

వెల్డింగ్ షాపులో

అట్ట ముక్క, నోటు బుక్కు తీసుకుని ఇద్దరూ వెల్డింగ్ షాపుకు పోయారు.

"గిర్ని కాడికి వచ్చి అక్కడనే అతుకుత తియ్యి అక్కా. జల్ది అయితది" అన్నాడు మేస్త్రి.

"వద్దన్నా. గిర్నిల పిండి దుమ్ము ఉంటది. నిప్పురవ్వ పడితే అంటుకుంటది. ఈడనే చెయ్యి. మేము తీస్కపోయి బిగిస్తం" అన్నది గిర్ని అక్క.

అక్క చెప్పింది నిజం. గాలిలో లేచిన పిండి దుమ్ముకు నిప్పు తగిలితే ఒక్కసారిగా మండుతుంది. గిర్ని లోపల వెల్డింగ్ చేయకూడదు.

మేస్త్రి అట్టను చూశాడు. కొలతలు చదివాడు. "ఎవలు రాసిండ్రు అక్కా?" అని అడిగాడు.

"మేమే రాసినం" అన్నది కోడలు.

మేస్త్రితో వాళ్ళు ఈ సంగతులు మాట్లాడుకున్నారు.

ఒకటి: చట్రం ఇనుప యాంగిలుతో ఉండాలి. ఊగకూడదు.

రెండు: జాలి కన్ను పావు అంగుళం కంటె పెద్దగా ఉండకూడదు. గార్డుకూ బెల్టుకూ మధ్య దూరం 2 అంగుళాలే. పెద్ద కన్ను ఉంటే పిల్లల వేలు లోపలికి పోతుంది.

మూడు: జాలి రెండు పక్కలా ఉండాలి. పైనా, కిందా కూడా ఉండాలి.

నాలుగు: జాలి కొసలు బయటికి పొడుచుకుని రాకూడదు. కొసలను మడిచి, ఆకురాయితో నున్నగా చేయాలి. గార్డే చీరను పట్టుకుంటే ఏం లాభం?

ఐదు: గార్డును నేలకు బోల్టులతో బిగించాలి. పానా పెడితేనే ఊడాలి. తాడుతో కడితే ఎవరైనా విప్పుతారు. పూర్తిగా అతికిస్తే బెల్టు మార్చడం కష్టం. అప్పుడు కోసి పారేస్తారు. బోల్టు మంచి దారి.

ఆరు: ముందు తుప్పు పట్టకుండా ఎర్ర రంగు పూయాలి. అది ఆరాక పసుపు రంగు వేయాలి. పసుపు రంగు దూరం నుంచి కనబడుతుంది.

ధర కూడా ముందే మాట్లాడారు. ఇనుము కిలోకు ఎంత? జాలి ఎంత? కూలి ఎంత? మూడూ విడివిడిగా అడిగి రాసుకున్నారు. రసీదు అడిగారు. సంఘం డబ్బుకు లెక్క ఉండాలి కదా.

సముద్రం మీద కూడా గార్డు

గార్డు కొలిచి చేయించే పని గిర్నిలోనే కాదు. సముద్రం మీద తిరిగే తెరచాప పడవలో కూడా ఉంది.

వర్ని నుంచి సముద్రం చాలా దూరం. మనకు తెలిసిన నీళ్ళు నిజాంసాగర్ కాలువ నీళ్ళు. మంజీర నది మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీళ్ళతోనే ఇక్కడ చెరకు, వరి పండాయి. సముద్రం అలా కాదు. అలలు ఇంటి ఎత్తు లేస్తాయి. పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. నిలబడడమే కష్టం.

చాలా తెరచాప పడవల్లో నడిపేవాళ్ళ ముందు ఒక స్తంభం ఉంటుంది. ఆ స్తంభానికి పెద్ద చక్రం ఉంటుంది. చక్రం తిప్పితే పడవ అడుగున ఉన్న చుక్కాని తిరుగుతుంది. చుక్కాని ఎటు తిరిగితే పడవ అటు పోతుంది. స్తంభం మీద దిక్కు చూపే దిక్సూచి ఉంటుంది.

ఆ స్తంభం ముందు ఒక స్టీలు గొట్టాన్ని వంచి నిలబెడతారు. తలుపు చట్రంలా ఉంటుంది. రెండు కాళ్ళు పడవ మీద బోల్టులతో బిగించి ఉంటాయి. అదే స్తంభానికి గార్డు. పడవ ఒరిగినప్పుడు మనుషులు దాన్ని పట్టుకుంటారు. ఎవరైనా తూలి పడితే చక్రం మీద, దిక్సూచి మీద పడకుండా అది ఆపుతుంది.

ఉప్పు నీళ్ళకు మామూలు ఇనుము ఆగదు. స్టీలులో కూడా ఉప్పుకు తట్టుకునే రకం వాడతారు. అయినా ఏళ్ళు గడిస్తే కాళ్ళ దగ్గర చీలిక వస్తుంది. అప్పుడు కొత్తది చేయించాలి. పాత గొట్టాన్ని అట్ట మీద పడుకోబెట్టి దాని చుట్టూ గీత గీస్తారు. రెండు కాళ్ళ మధ్య దూరం కొలుస్తారు. గొట్టం లావు, ఎత్తు, వంపు కొలుస్తారు. కొన్నిట్లో ఆ గొట్టం లోపలి నుంచే కరెంటు తీగలు పోతాయి. వాటికి రంధ్రాలు ఎక్కడ ఉండాలో గుర్తు పెడతారు. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్ళు కారకుండా జిగురు మందు పెట్టి మూస్తారు. కాళ్ళ మధ్య దూరం అర అంగుళం తప్పినా గార్డు కూర్చోదు.

పనిలో ఒక తేడా ఉంది. పడవ గార్డు పట్టుకోవడానికి కూడా ఉంది. మనిషి బరువు మొత్తం దాని మీద పడినా ఆగాలి. గిర్ని గార్డు దూరంగా ఉంచడానికి ఉంది. దాని మీద చెయ్యి ఆనించకూడదు. గంప పెట్టకూడదు. కాని కొలత మాత్రం రెంటికీ ప్రాణమే.

ఇలాంటి తెరచాప పడవ మీద మన దేశపు ఆడవాళ్ళు ప్రపంచం చుట్టి వచ్చారు. ఆ పడవ పేరు తారిణి. అది గోవాలో తయారైంది. నౌకాదళంలో పనిచేసే ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరారు. 2018 మే 21న తిరిగి వచ్చారు. వాళ్ళ నాయకురాలు వర్తికా జోషి. వాళ్ళలో ఇద్దరు మన తెలుగు ఊళ్ళవాళ్ళు. పాతర్లపల్లి స్వాతిది విశాఖపట్నం. బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు.

తిరిగి వచ్చే దారిలో తారిణికి ఒక కష్టం వచ్చింది. చుక్కాని తిప్పే యంత్రంలో లోపం వచ్చింది. 2018 ఏప్రిల్‌లో మారిషస్ దీవిలో ఆగారు. అక్కడ బాగు చేసుకుని, తరువాతే బయలుదేరారు. ఇల్లు దగ్గర పడింది కదా, ఎలాగో పోదాం అనుకోలేదు. "పండుగ పోయినంక పెడదాం" అనుకున్న మనకు ఇందులో పాఠం ఉంది.

గార్డు బిగించారు

మూడవ రోజు గార్డు వచ్చింది. మళ్ళీ ఫ్యూజు తీశారు. గార్డును నిలబెట్టారు. నాలుగు కాళ్ళూ నేల మీద సమంగా కూర్చున్నాయి. బోల్టులు బిగించారు.

బెల్టును చేతితో ఒక చుట్టు తిప్పి చూశారు. ఎక్కడా రాసుకోలేదు. గార్డును పట్టుకుని ఊపి చూశారు. కదలలేదు. పానా, టేపు లోపల మరిచిపోలేదు కదా అని చూశారు. అప్పుడు ఫ్యూజు పెట్టి మోటరు వేశారు.

ఆ కోడలు దూరంగా నిలబడింది. ఆమె చేతికి ఇంకా కట్టు ఉంది.

"దగ్గరికి రా చెల్లె. ఇప్పుడు భయం లేదు" అన్నది అక్క.

కోడలు వచ్చింది. కొంగును నడుముకు దోపుకుంది. గంపలోని జొన్నలు గిర్నిలో పోసింది. నిన్నటిదాకా ఆమెను తప్పు పట్టిన వాళ్ళే ఈ రోజు ఆమె రాసిన కొలతలను చూసి మెచ్చుకున్నారు.

ఆ రోజు సంఘం వాళ్ళు గోడ మీద పెద్ద అక్షరాలతో ఇలా రాశారు:

గార్డు లేకుండా గిర్ని వేయవద్దు.
గార్డు తీసేముందు ఫ్యూజు తీయాలి.
పని అయ్యాక ముందు గార్డు, తరువాత కరెంటు.
కరెంటు పోతే స్విచ్చి బందు చేయాలి. కరెంటు వచ్చినప్పుడు మోటరు దానంతట అది తిరగవచ్చు.
తిరిగే బెల్టుకు మందు రాయవద్దు. తిరిగే పుల్లిని తుడవవద్దు.
పిల్లలను బెల్టు దగ్గరికి రానీయవద్దు.

వేరే మిషన్లు

గిర్నితోనే ఆగవద్దు. ఊళ్ళో ఇంకా ఏ మిషన్లు తిరుగుతున్నాయో చూడాలి.

నూర్పిడి మిషన్లో పంటను చేతితో తోస్తారు. తోసే నోరు పొట్టిగా, తెరిచి ఉంటే చెయ్యి లోపలి డ్రమ్ము దాకా పోతుంది. నోరు పొడుగ్గా ఉండాలి. లోపలి వైపు పైన కప్పు ఉండాలి. అప్పుడు చెయ్యి అందదు. ఇలాంటి ప్రమాదాల్లో ఎందరో చేతులు పోగొట్టుకున్నారు. అందుకే 1983లో కేంద్ర ప్రభుత్వం ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. నూర్పిడి మిషన్లు ఆ చట్టం కిందికి వచ్చాయి.

అంతకు ముందు 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. తిరిగే భాగాలకు గట్టి అడ్డు ఉండాలని అందులో రాశారు. మోటరు, బెల్టు తిరుగుతుండగా ఆడవాళ్ళతో తుడిపించడం, నూనె వేయించడం కూడదని కూడా రాశారు. ఊరి చిన్న గిర్ని ఫ్యాక్టరీ కాదు. కాని చిన్న గిర్ని బెల్టు కూడా ఫ్యాక్టరీ బెల్టులాగే లాగుతుంది.

మీరు కూలికి పోయిన చోట మిషన్‌కు గార్డు లేదా? అడగండి. ఒక్కరే అడగడానికి భయమైతే నలుగురు కలిసి అడగండి. గార్డు అడగడం గొడవ కాదు. పనికి వచ్చిన చేతులతోనే ఇంటికి పోవాలని అడగడం.

కొత్త మాటలు

పుల్లి: బెల్టు చుట్టూ తిరిగే గుండ్రటి చక్రం.
ఇరుసు: చక్రం నడుమ ఉండే కడ్డీ.
చట్రం: చుట్టూ ఉండే గట్టి ఆకారం.
చుక్కాని: పడవను మలిపే పలక.
దిక్సూచి: ఉత్తరం ఎటో చూపే పరికరం.

చెప్పండి, రాయండి

1. కొంగు పడ్డప్పుడు తప్పు ఎవరిది? మీరేమంటారు?
2. స్విచ్చి బందు చేసినా బెల్టు వెంటనే ఎందుకు ఆగలేదు?
3. గార్డును గిర్ని లోపల ఎందుకు వెల్డింగ్ చేయకూడదు?
4. తారిణి మారిషస్‌లో ఎందుకు ఆగింది?
5. లెక్క చేయండి: చిన్న పుల్లి 4 అంగుళాలు. పెద్ద పుల్లి 10 అంగుళాలు. నడిమి నుంచి నడిమికి 30 అంగుళాలు. రెండు కొసలకూ రెండేసి అంగుళాలు, మోటరు వైపు ఇంకో 3 అంగుళాలు వదలాలి. గార్డు పొడవు ఎంత? (జవాబు: 44 అంగుళాలు.)
6. మీ ఊళ్ళో గార్డు లేని మిషన్లు ఏవేవి? పేర్లు రాయండి. వచ్చే సంఘం మీటింగులో చదివి వినిపించండి.